పాత మోటార్ విప్పి రాగి తీయడం ఎలా? కోత కుదిరితే సగం పని అయినట్టే

కాలిపోయిన మోటార్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని సమ్మెట అందుకోవడం. నేనూ అలాగే మొదలుపెట్టాను. వాషింగ్ మెషీన్‌లోంచి ఊడదీసిన మోటార్ ఒకటి దొరికితే సగం రోజు దానితో కుస్తీ పట్టాను. వేళ్లు గీరుకుపోయాక, బయటికి లాగిన తీగని ఊరికే బ్లేడుతో గీకి చూస్తే లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం! పైనున్న ఎనామిల్ పూత అచ్చం రాగి రంగులో ఉండేసరికి నాకు అనుమానమే రాలేదు. ఆ గీకుడేదో మొదటి ఐదు నిమిషాల్లో చేసి ఉంటే ఆ పూట మిగిలేది.

అందుకని సుత్తి సంగతి తర్వాత. ముందు ఏది విప్పాలో, ఏది పక్కన పెట్టాలో తేల్చుకుందాం.

రాగి ఎక్కడుంటుంది, ఎంతుంటుంది

నీళ్ల పంపుల్లో, పిండి మరల్లో, వర్క్‌షాపు మెషీన్లలో ఎక్కువగా కనిపించేది ఇండక్షన్ మోటార్. ఇందులో ముఖ్యమైన భాగాలు రెండే. బాడీకి బిగుసుకుని కదలకుండా ఉండేది స్టేటర్. సన్నటి స్టీలు రేకులు వందల కొద్దీ పేర్చి తయారుచేసిన గుండ్రటి దిమ్మ అది. దాని లోపలి అంచు చుట్టూ గాళ్లలాంటి స్లాట్లు ఉంటాయి. రాగి అంతా ఆ స్లాట్లలోనే ఉంటుంది. స్లాట్ల నుంచి రెండు వైపులా బయటికొచ్చి మెలికలు తిరిగి కనిపించే తీగల కట్టల్ని కాయిల్ తలలు అంటాను, ఇకముందు ఆ మాట చాలాసార్లు వస్తుంది.

మధ్యలో తిరిగేది రోటర్. బరువు చూసి ఆశపడకండి. రోటర్‌లో పోత పోసిన కడ్డీలు, చివర్లలో ఉండే రింగులు మామూలు మోటార్లలో దాదాపు ఎప్పుడూ అల్యూమినియమే. దాన్ని పగలగొట్టే శ్రమ దండగ, నేరుగా ఇనుము కుప్పలో వేసేయండి.

చాలా మోటార్లలో రాగి మొత్తం బరువులో పదో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. అంటే 20 కేజీల మోటార్ విప్పితే చేతికొచ్చేది 2 కేజీల దగ్గర. మీరు పెట్టే టైముకి అది గిట్టుతుందో లేదో ముందే లెక్క వేసుకోండి. బొమ్మ కార్లలో, హెయిర్ డ్రయ్యర్లలో ఉండే గుప్పెడంత మోటార్లు విప్పడం నా దృష్టిలో కాలక్షేపమే. వాటిని విప్పకుండా గంపగుత్తగా అమ్మేయడం మేలు.

ఇంకో మాట. షాఫ్ట్ చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతూ, బాడీ ఎక్కడా పగలకుండా ఉంటే, దాన్ని ముందు రీవైండింగ్ చేసేవాళ్లకి చూపించండి. మళ్లీ పనికొచ్చే మోటార్‌కి తుక్కు కంటే మంచి ధర వస్తుంది.

గీకి చూడటం

మోటార్ చివర మూత, అంటే ఎండ్ కవర్ తీయగానే కాయిల్ తల కనిపిస్తుంది. అందులోంచి ఒక తీగని కటింగ్ ప్లేయర్‌తో అడ్డంగా కత్తిరించి, కోసిన చోట వెలుతురులో చూడండి. ఎర్రగా, గులాబీ ఛాయతో ఉంటే రాగి. తెల్లగా ఉంటే అల్యూమినియం. గీకడం కంటే కత్తిరించడమే నయం అని ఎందుకంటున్నానంటే, అల్యూమినియం తీగ మీద పల్చగా రాగి తొడిగిన రకం కూడా ఉంటుంది. గీకితే అది ఎర్రగానే కనిపిస్తుంది, అడ్డంగా కోస్తేనే మధ్యలో తెల్లటి చుక్క బయటపడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మోటార్ బయటికి వచ్చే కనెక్షన్ వైర్లను కోసి చూసి సంబరపడొద్దు. లోపల వైండింగ్ అల్యూమినియం అయినా ఆ వైర్లు రాగివే పెడతారు. చూడాల్సింది స్లాట్‌లోకి పోయే ఎనామిల్ తీగనే. అయస్కాంతం కూడా ఈ పరీక్షకు పనికిరాదు, రాగికీ అంటుకోదు, అల్యూమినియంకీ అంటుకోదు.

ఒళ్లు జాగ్రత్త

సింగిల్ ఫేజ్ మోటార్లలో చాలావాటికి పక్కన డబ్బాలాగా కండెన్సర్ ఉంటుంది. కరెంటు తీసేసి చాలాసేపైనా అందులో ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. పైన చెప్పిన కవర్ తీయడానికి కూడా ముందే దాని సంగతి చూడండి. పాత ఫిలమెంట్ బల్బు ఒకటి హోల్డర్‌లో పెట్టి, హోల్డర్ నుంచి వచ్చే రెండు తీగల కొసల్ని కండెన్సర్ రెండు టెర్మినళ్లకూ కొన్ని సెకన్లు ఆనించి పట్టుకోండి. తీగల్ని ఇన్సులేషన్ ఉన్నచోటే పట్టుకోవాలి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్పుమనిపించే అలవాటు కొందరికి ఉంటుంది. నిప్పురవ్వ కంట్లో పడ్డాక గానీ ఆ సరదా తీరదు.

కండెన్సర్‌ని మాత్రం పగలగొట్టొద్దు, కోయొద్దు. లోపల రాగి లేదు. బాగా పాతకాలపు నూనె కండెన్సర్లలో పీసీబీ అనే విషపు నూనె ఉండే అవకాశం ఉంది. అమెరికాలో 1979లో దాన్ని నిషేధించారు, 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రపంచమంతటా దాన్ని వదిలించుకోవాలని తీర్మానించింది. డబ్బా ఉబ్బి నూనె కారుతుంటే ముట్టుకోకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి అప్పగించండి. అలాగే చాలా పాత మోటార్లలో తీగల చుట్టూ బూడిదరంగు పీచు గుడ్డ చుట్టి ఉంటే అది ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ కావచ్చు. ఆ మోటార్ జోలికి పోకపోవడం మంచిది.

కళ్లద్దాలు తప్పనిసరి. ఉలి దెబ్బకి ఎగిరే పెచ్చులు, కోసిన రాగి తీగల సూదిమొనలు రెండూ కళ్లకి ప్రమాదమే. తీగలు లాగేటప్పుడు తోలు గ్లౌజులు వేసుకోండి. గ్రైండర్ పట్టుకున్నప్పుడు మాత్రం వదులు గ్లౌజులు, వేలాడే చొక్కా చేతులు ఉండకూడదు. తల పుట్టగొడుగులా విచ్చుకున్న పాత ఉలి ఉంటే వాడేముందు ఆ అంచుల్ని అరగదీయండి, లేకపోతే ఆ అంచులే తునకలై ఎగురుతాయి.

విప్పడం

వెనక ఫ్యాన్ కవర్, ప్లాస్టిక్ ఫ్యాన్ తీసేయండి. తర్వాత రెండు ఎండ్ కవర్లని పట్టి ఉంచే పొడుగాటి బోల్టులు. తుప్పు పట్టి స్పానర్‌కి తిరక్కపోతే నూనె పోసి, పొద్దుటిదాకా నానబెట్టి... అంత ఓపిక దేనికి? ఇది మళ్లీ బిగించే మోటార్ కాదు కదా. గ్రైండర్‌తో బోల్టు తలలు ఎగరగొట్టండి. ఎండ్ కవర్‌కీ బాడీకీ మధ్య సందులో ఉలి ఆనించి, ఒకేచోట కాకుండా చుట్టూ తిరుగుతూ చిన్నచిన్న దెబ్బలు వేస్తే కవర్ ఊడొస్తుంది.

రోటర్ బయటికి లాగేటప్పుడు కింద చెక్క పెట్టుకోండి, జారి కాలి మీద పడితే మాటలు కాదు. కొన్ని మోటార్లలో రోటర్ మీద శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. సర్వో మోటార్లలో ఇవి మరీ బలమైనవి. రోటర్ సగం బయటికొచ్చి మళ్లీ ఒక్కసారిగా లోపలికి లాక్కుంటే మధ్యలో మీ వేలు ఉండకూడదు.

షాఫ్ట్ మీది బేరింగులు తిప్పి చూడండి. గరగరలాడకుండా తిరిగితే పక్కన దాచుకోండి. అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. 6202 అంటే లోపలి కన్నం 15 మిల్లీమీటర్లు, 6203 అయితే 17, 6204 అయితే 20.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్టేటర్‌ని బాడీలోంచి బయటికి తీయాలా? ఉలి గానీ రంపం గానీ కాయిల్ తల మొదటిదాకా ఆనగలిగితే అస్సలు తీయొద్దు. బరువైన బాడీయే మీకు దాగలిలా పనిచేస్తుంది, దెబ్బకి కదలదు. బాడీ అంచు పొడుగ్గా ఉండి ఉలి అందకపోతేనే తీయండి. అల్యూమినియం బాడీ అయితే పొడవునా గ్రైండర్‌తో ఒక గాడి కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి కొడితే బాడీ విచ్చుకుని స్టేటర్ వదులవుతుంది. బీడు బాడీ అయితే పెళుసు కాబట్టి సమ్మెట దెబ్బకే పగులుతుంది. మీద గోనెసంచి కప్పి కొట్టండి, ముక్కలు తూటాల్లా ఎగురుతాయి.

ఒకే ఒక్క కోత

పని మొత్తంలో ఓపిగ్గా చేయాల్సింది ఇదే.

రెండు వైపులా ఉన్న కాయిల్ తలల్లో ఒకదాన్ని స్లాట్ల అంచుకి సమంగా కోసేసి, రెండో వైపు నుంచి లాగితే స్లాట్లలో ఉన్న రాగి మొత్తం వచ్చేస్తుంది. ఏ వైపు కోయాలి? కనెక్షన్ వైర్లు బయటికి వచ్చే వైపు కోయండి. వైర్లు, వాటి జాయింట్లు, స్లీవులు, ఓవర్‌లోడ్ బటన్ ఉంటే అదీ, అన్నీ ఆ తలతోపాటే ఊడి పక్కకి పోతాయి. మిగిలిన వైపు నుంచి వచ్చే రాగి శుభ్రంగా ఉంటుంది. ఇది నాకు ఆలస్యంగా తట్టింది. అంతకు ముందు ఏ వైపు చేతికి అనుకూలంగా ఉంటే ఆ వైపు కోసి, తర్వాత స్లీవులు ఏరుకుంటూ కూర్చునేవాణ్ణి.

స్టేటర్‌ని నిలబెట్టి, కోయాల్సిన తల పైకి ఉండేలా పెట్టుకోండి. అంగుళం వెడల్పు ఉలి తీసుకోండి. పదును కొత్త కత్తిలా ఉండాలి. ఉలిని రేకుల దిమ్మ మీద దాదాపు పడుకోబెట్టి, కొసని కాయిల్ తల మొదట్లో, రేకులకి ఆనించి, బయటి అంచు నుంచి మధ్య ఖాళీ వైపుకి కొట్టండి. ఉలి రేకుల మీద జారుతూ పోయి రాగిని తెంపాలి. ఒక స్లాట్ తెగాక పక్కదానికి వెళ్లండి. సన్నటి తీగల కట్ట రెండు మూడు దెబ్బలకి తెగుతుంది. లావు తీగలైతే ఇంకాస్త ఓపిక పట్టాలి.

కోత సరిగ్గా పడితే ప్రతి స్లాట్‌లోనూ తెగిన తీగల ముఖాలు ఎర్రగా మెరుస్తూ, తొనలో దానిమ్మ గింజల్లా ఒత్తుగా కనిపిస్తాయి. ఒక్కో తీగ విడిగా లెక్కపెట్టేలా ఉందంటే ఉలి కోసింది అని అర్థం. అలా కాకుండా రాగి చితికి, స్లాట్ నోటి మీద మేకు తలలా పరుచుకుందంటే ఉలి నలిపింది అన్నమాట. ఆ పరుచుకున్న తలే తర్వాత మీ కొంప ముంచుతుంది. స్లాట్ నోరు కంటే అది వెడల్పు కాబట్టి, రెండో వైపు నుంచి ఎంత లాగినా లోపలికి దూరదు. తీగ తెగొస్తుంది తప్ప కట్ట కదలదు. అలా నలిగిందని గమనించగానే ఆగి ఉలికి పదును పెట్టండి, పరుచుకున్న చోట్లని ఆకురాయితో సమం చేయండి.

కోతకి గ్రైండర్ వాడతామని చాలామంది అంటారు. నాకు నచ్చదు. రాగి మెత్తటి లోహం, రాయి మీద మెత్తుకుపోయి రాయి కోయడం మానేసి వేడెక్కుతుంది. రాయి తీగల మధ్య ఇరుక్కుంటే మెషీన్ వెనక్కి తంతుంది. పైగా కోసినంత మేర రాగి పొడైపోతుంది. తప్పదనుకుంటే ఒక మిల్లీమీటరు పల్చటి రాయి వేసి, గార్డు తీయకుండా వాడండి. ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపం ఉంటే దానికి లోహం కోసే బ్లేడు వేసుకోండి, ఉలి కంటే సుఖం. మామూలు హ్యాక్సా బ్లేడుతో కూడా అవుతుంది, చిన్న స్టేటర్‌కి చేతులు పడిపోకుండానే అవుతుంది.

లాగడం

స్టేటర్‌ని తిరగేయండి. ఇప్పుడు కోయని తల పైన ఉంటుంది. ముందు స్టేటర్ లోపలి వైపు స్లాట్లని పొడవునా మూసి ఉన్న పట్టీల్ని చూడండి. వెదురు పుల్లలు గానీ ఫైబర్ పట్టీలు గానీ ఉంటాయి. సన్నటి కడ్డీతో ఒక వైపు నుంచి తట్టి రెండో వైపు లాగేస్తే స్లాట్‌లో కాస్త చోటు ఏర్పడుతుంది. చాలామంది ఈ పని మానేసి బలమంతా లాగడం మీద పెడతారు. ఐదు నిమిషాల పని, చేసేయండి.

తర్వాత ఒక గట్టి ఇనుప కడ్డీని కాయిల్ తల వంపు కిందికి దూర్చి, రేకుల అంచు మీద చిన్న చెక్కముక్క ఆనుగా పెట్టి, గడ్డపారతో రాయిని లేపినట్టు లేపండి. మొదట ఏమీ జరగదు. ఇంకాస్త బరువు వేస్తే లోపల తీగల్ని అంటించి పట్టుకున్న వార్నిష్ చిటపటమని విరుగుతుంది. ఆ చప్పుడు వినబడిందంటే ఇక వస్తుందని అర్థం. ఒకేచోట అంతా లాగేయకుండా అర అంగుళం లేపి పక్కకి, మళ్లీ అర అంగుళం లేపి ఇంకో పక్కకి, చుట్టూ తిరుగుతూ లేపితే తల మొత్తం కిరీటంలా ఒక్కముక్కగా పైకి వస్తుంది. కింద తీగల కట్టలు జడపాయల్లా వేలాడుతుంటాయి, వాటికి అంటుకుని స్లాట్ పేపర్ (స్లాట్‌లో తీగల చుట్టూ పెట్టే కాగితం) చీలికలు. మొదటి మోటార్‌కి నాకు ఒక పూట పట్టింది. చెయ్యి తిరిగాక అదే సైజు అరగంటలో అవుతోంది.

కొన్ని స్లాట్లు మొండికేస్తాయి. అప్పుడు స్లాట్ కంటే కొంచెం సన్నగా, కొస చదునుగా ఉన్న కడ్డీని కోసిన వైపు నుంచి తీగల మీద ఆనించి సుత్తితో కొట్టండి. అర అంగుళం కదిలిందంటే చాలు, మిగతాది రెండో వైపు నుంచి లాగొచ్చు. కిరోసిన్‌లో నానబెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. కాల్చి గట్టిపరిచిన వార్నిష్ దానికి లొంగదు, నూనె మరకలు మాత్రం మిగులుతాయి.

కాలిస్తే పోలా?

పోదు. నిజమే, మంటలో వేస్తే వార్నిష్, పేపర్, ఎనామిల్ అన్నీ కాలి తీగలు చేత్తో లాగేస్తే వచ్చేస్తాయి. కానీ వైర్ల మీది పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. అది సరిగా కాలని పొగతో కలిసినప్పుడు డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి, రాగి ఆ చర్యని ఇంకా వేగం చేస్తుంది. అంటే రాగి తీగని ఆరుబయట తగలబెట్టడం డయాక్సిన్ తయారుచేయడానికి దాదాపు అనుకూలమైన పద్ధతి. చాలాచోట్ల ఇది నేరం కూడా. పెద్ద రీవైండింగ్ షాపుల్లో ఇదే పనిని వేడి అదుపులో ఉండే ఓవెన్‌లో చేస్తారు, వచ్చే పొగని మళ్లీ కాల్చే ఏర్పాటు దానికి ఉంటుంది.

డబ్బు లెక్కలోనూ కాల్చడం నష్టమే. అంతర్జాతీయ స్క్రాప్ వ్యాపారంలో ‘బర్చ్’ అని ఒక గ్రేడు ఉంది, రెండో రకం రాగి తీగ అన్నమాట. అందులో రాగి సుమారు 96 శాతం, కనీసం 94 శాతం ఉండాలి. కాలి పెళుసైపోయిన తీగని ఆ గ్రేడులోకి రానివ్వరు. మీరు చేత్తో లాగిన ఎనామిల్ తీగ మామూలుగా ఈ గ్రేడుకే పోతుంది, కాబట్టి కూర్చుని ఎనామిల్ గీకాల్సిన పని కూడా లేదు.

మిగతా రకాలు

మిక్సీ, డ్రిల్లింగ్ మెషీన్ మోటార్లలో కథ తిరగబడుతుంది. తిరిగే ఆర్మేచర్ మీద కూడా రాగి ఉంటుంది, బయట ఫీల్డ్ కాయిల్స్‌లోనూ ఉంటుంది. ఆర్మేచర్ చివర కార్బన్ బ్రష్షులు రాసుకునే కమ్యుటేటర్ ముక్కలూ రాగివే. వాటిని పట్టి ఉంచే బేకలైట్‌ని సుత్తితో చితక్కొడితే విడిపోతాయి. ఆర్మేచర్ తీగలు మాత్రం వార్నిష్‌తో బాగా బిగిసి ఉంటాయి, విసుగు పుడితే ఆర్మేచర్ల కుప్ప వేరుగా పెట్టి అలాగే అమ్మేయండి.

సీలింగ్ ఫ్యాన్‌లో స్టేటర్ మధ్యలో, తిరిగే భాగం బయట. స్లాట్లు బయటివైపుకి తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఉలికి బాగా అందుతాయి. నేర్చుకునేవాళ్లు దీంతో మొదలుపెట్టడం తేలిక.

నాకు బాగా ఇష్టమైనది నీళ్లు నింపే రకం సబ్‌మెర్సిబుల్ మోటార్. అందులో వైండింగ్‌కి వార్నిష్ ఉండదు, తీగ మీద ప్లాస్టిక్ పొర చుట్టి ఉంటుంది. ఒక తల కోస్తే తీగలు సాఫీగా జారిపోయి వస్తాయి. పొర ఒలిచేస్తే లోపల ధగధగలాడే రాగి. దాన్ని ఎనామిల్ తీగతో కలపకండి, ఇంకా మంచి గ్రేడు వస్తుంది.

ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్ల జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. లోపల ఒత్తిడితో గ్యాస్, అడుగున నూనె ఉంటాయి. చాలా ఫ్రిజ్‌లలో వాడే ఆర్600ఏ గ్యాస్ అంటే ఐసోబ్యూటేన్, భగ్గున అంటుకుంటుంది. దాని మీద గ్రైండర్ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గ్యాస్‌ని మెకానిక్ సిలిండర్‌లోకి లాగేశాక, నూనె పూర్తిగా వంపేశాకే కోసే ఆలోచన చేయాలి. వైండింగ్ అల్యూమినియం అయ్యే అవకాశం కూడా తక్కువేం కాదు. నేనైతే కంప్రెసర్‌ని విప్పకుండానే ఇచ్చేస్తాను.

ఏరి పెట్టుకోవడం

లాగిన రాగిని అలాగే సంచిలో కుక్కకండి. కాయిల్ తలల్ని కట్టిన నూలు దారాలు కోసేయండి, స్లాట్ పేపర్ ముక్కలు దులిపేయండి. టంకం వేసిన జాయింట్లని కత్తిరించి వేరే డబ్బాలో వేయండి. కనెక్షన్ వైర్ల తొడుగు ఒలిస్తే వచ్చేది శుభ్రమైన రాగి కాబట్టి అదీ వేరు. మరీ వెంట్రుకంత సన్నని తీగ ఇంకో కుప్ప, బర్చ్ గ్రేడు దాన్ని కూడా ఒప్పుకోదు. అల్యూమినియం ముక్క ఒక్కటి రాగి సంచిలో కనబడినా కొనేవాడు సంచి మొత్తాన్ని అనుమానంగా చూస్తాడు.

మిగిలిన స్టీలు దిమ్మని ఇనుములో వేసేముందు టార్చి వేసి ఒక్కో స్లాట్‌లోంచి చూడండి. ఇరుక్కున్న తీగ ముక్క ఉంటే కడ్డీతో తట్టేయండి. మీకు నాలుగు గ్రాముల రాగి కలిసొస్తుందని కాదు. స్టీలు కరిగించేటప్పుడు అందులో కలిసిన రాగిని మళ్లీ వేరు చేయడం అయ్యే పని కాదు, అది మోతాదు మించితే వేడి మీద సాగదీసేటప్పుడు స్టీలు పగుళ్లు పడుతుంది. అందుకే ఇనుము కొనేవాళ్లు రాగి మిగిలిన స్టేటర్‌కి ధర తగ్గిస్తారు, స్లాట్లు ఖాళీగా ఉన్నదాన్ని మామూలు ఇనుములానే తూస్తారు.